గ్యాస్ అయిపోయిందని నమ్మే ముందు: విశాఖ ఇళ్ళలో ఫ్రిజ్ రిపేరు, కొనుగోలు, సంరక్షణ

"గ్యాస్ అయిపోయిందండీ. ఛార్జింగ్ చెయ్యాలి."

విశాఖపట్నంలో ఫ్రిజ్ చల్లబడటం లేదని ఎవరినైనా పిలిస్తే చాలాసార్లు మొదట వినిపించే మాట ఇదే. మా ఇంట్లోనూ వినిపించింది. మేం పెదవాల్తేరులో ఉంటాం, బీచ్‌కి నడిచి వెళ్ళేంత దూరం. మే నెలలో వరసగా రెండు రోజులు పాలు విరిగాయి. పై ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ మాత్రం రాయిలా ఉంది. వచ్చిన మెకానిక్ ఫ్రిజ్‌ని గోడ నుంచి జరపను కూడా జరపలేదు. తలుపు తీశాడు, చెయ్యి పెట్టాడు, గ్యాస్ అన్నాడు, మూడు వేలు చెప్పాడు.

అదృష్టం కొద్దీ అప్పుడు మా మామయ్య ఇంట్లో ఉన్నాడు. ఓడల్లో కోల్డ్‌రూమ్‌లు చూసుకుని రిటైరైన మనిషి. "గ్యాస్ పోతే పైన ఐస్‌క్రీమ్ ఎలా గట్టిగుంటాది అల్లుడూ? కింద గాలి ఆడట్లేదు, అంతే" అన్నాడు. ఫ్రిజ్ ఆపి, సామానంతా తీసి, రెండు తలుపులూ తెరిచి ఒక రోజు వదిలేశాం. కింద పరిచిన తువ్వాళ్ళు నాలుగుసార్లు పిండాల్సి వచ్చింది. మర్నాడు ఆన్ చేస్తే సాయంత్రానికి పాలగిన్నె చల్లగా ఉంది. సరిగ్గా వారం తర్వాత మళ్ళీ అదే కథ. అప్పటికి చెడిందేమిటో తెలిసిపోయింది కాబట్టి లోపలి మంచును కరిగించే డీఫ్రాస్ట్ హీటర్ ఒక్కటి మార్పించాం. గ్యాస్ ముట్టుకోలేదు.

ఆ వేసవి నుంచి మామయ్య దగ్గర నేర్చుకున్నది, మా వీధిలో నాలుగిళ్ళ ఫ్రిజ్‌లు చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను మెకానిక్‌ని కాదు. స్క్రూడ్రైవర్ అవసరం లేని పనులే చెబుతాను. ఎక్కడ ఆగిపోయి మనిషిని పిలవాలో కూడా చెబుతాను.

గ్యాస్ పెట్రోలు కాదు

బండిలో పెట్రోలులా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు ఫ్రిజ్‌లో గ్యాస్. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతుంటుంది. వెనక కింద ఉండే నల్లటి కుండలాంటి కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. కండెన్సర్ గొట్టాల్లో ఆ వేడి గదిలోకి పోయి గ్యాస్ ద్రవమవుతుంది. సన్నటి కేపిలరీ గొట్టం దాటి కూలింగ్ కాయిల్లోకి రాగానే ఒత్తిడి పడిపోయి మళ్ళీ మరుగుతుంది. మరగడానికి కావాల్సిన వేడిని మన పాల నుంచీ కూరల నుంచీ లాక్కుంటుంది.

కాబట్టి గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. ఆ చిల్లు వెతక్కుండా నింపితే మూడు నెలలకో ఆరు నెలలకో మళ్ళీ ఖాళీ. విశాఖలో ఈ చిల్లులు నిజంగానే ఎక్కువ. ఉప్పు గాలి, ఏడాది పొడుగునా తేమ, వాటివల్ల గొట్టాలకు పట్టే తుప్పు. అందుకే గ్యాస్ మాట వినగానే అబద్ధం అనుకోకూడదు, నిజం అనీ అనుకోకూడదు. చూసి తేల్చుకోవాలి.

చల్లబడకపోతే, ఈ వరసలో చూడండి

1. లోపలి లైటు వెలుగుతోందా? వెలగకపోతే అదే సాకెట్లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. ఛార్జ్ అవ్వకపోతే ఫ్రిజ్ జోలికి వెళ్ళక్కర్లేదు, ఎలక్ట్రీషియన్ పని. ఛార్జ్ అయితే ఫ్రిజ్ ప్లగ్ పిన్నులు చూడండి. లాసన్స్ బే, ఆర్కే బీచ్, భీమిలి వైపు ఇళ్ళలో ఇత్తడి పిన్నుల మీద పచ్చటి చిలుం కట్టి ఉంటుంది, దేవుడి గదిలో తోమని కుందిలాగా. స్విచ్ ఆపి, ప్లగ్ పూర్తిగా బయటికి తీసి, సన్న ఉప్పు కాగితంతో రుద్ది పొడిగుడ్డతో తుడిస్తే చాలు. సాకెట్ లోపల నల్లగా కాలి ఉంటే మాత్రం దాన్ని మార్చాల్సిందే.

2. నాబ్ ఎక్కడుంది? నవ్వకండి. సామాను సర్దేటప్పుడు గిన్నె తగిలి నాబ్ ఒకటికి తిరిగిపోవడం తరచూ జరుగుతుంది. ఎక్కువ మోడళ్ళలో అంకె పెరిగితే చలి పెరుగుతుంది. ఏడు ఎక్కువ చలి, ఒకటి తక్కువ. దీన్ని తిరగేసి అర్థం చేసుకుని వేసవిలో ఒకటిలో పెట్టేవాళ్ళని చూశాను.

3. కంప్రెసర్ పని చేస్తోందా? రాత్రి ఫ్యాన్ ఆపి వినండి. సన్నగా గుయ్యిమంటుంటే నడుస్తున్నట్టే. రెండు మూడు నిమిషాలకోసారి 'టిక్' మని, కాసేపు మూలిగి, మళ్ళీ 'టిక్' మని ఆగిపోతుంటే అది మొదలవ్వలేకపోతోంది. దానికి మూడు కారణాలు ఉండొచ్చు. వోల్టేజి పడిపోయి ఉండొచ్చు, పక్కనుండే రిలే (కంప్రెసర్‌ని మొదలుపెట్టే స్విచ్), ఓవర్‌లోడ్ (మరీ వేడెక్కితే ఆపేది) పోయి ఉండొచ్చు, లేదా కంప్రెసరే బిగిసిపోయి ఉండొచ్చు. మొదటి రెండూ చవకే. రిలే మార్చి చూడకుండా కంప్రెసర్ పోయిందని చెబితే ఒప్పుకోకండి. ఈ లోపు ప్లగ్ తీసేయండి, అలా కొట్టుకుంటూ ఉంటే బాగున్న కంప్రెసర్ కూడా కాలిపోతుంది.

4. పక్క గోడలు తాకండి. కొత్త ఫ్రిజ్‌లలో కండెన్సర్ వెనక జాలీలా కనిపించదు, రెండు పక్కల రేకు కిందే దాగి ఉంటుంది. అందుకే పక్కలు వెచ్చగా ఉండటం ఆరోగ్యం. కొత్త ఫ్రిజ్ కొన్న వారం రోజులకు 'పక్కలు కాలుతున్నాయి' అని టెన్షన్ పడేవాళ్ళకు ఇదే జవాబు. కంప్రెసర్ గంటసేపు నడిచినా పక్కలు చల్లగానే ఉంటే అప్పుడు గ్యాస్ తగ్గిందనో, కంప్రెసర్ నొక్కడం లేదనో అనుమానించాలి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే గాలి ఆడట్లేదు. అటు గోడ, ఇటు అల్మారా ఇరుక్కుని ఉంటుంది.

5. మంచు ఎలా పట్టిందో చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఫ్రీజర్ డబ్బా లోపలి గోడలు చూడండి. మంచు అన్ని వైపులా సమంగా పరుచుకుంటే గ్యాస్‌కి ఢోకా లేదు. ఒక మూల మాత్రమే తెల్లగా పేరుకుని మిగతాదంతా చెమటపట్టినట్టు తడిగా ఉంటే గ్యాస్ తగ్గింది, లేదా కేపిలరీలో ఏదో అడ్డుపడింది. మెకానిక్‌కి ఆ మూల ఫోటో తీసి చూపించండి. ఇల్లాలికి ఆ మాత్రం తెలుసని తెలిస్తే మాట తీరు మారుతుంది.

డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ అయితే కాయిల్ ప్యానెల్ వెనక ఉంటుంది, కనిపించదు. అక్కడ లెక్క వేరు. పైన గడ్డకడుతూ కింద చల్లబడకపోతే అది దాదాపు గాలి సమస్యే. చలి పుట్టేది పైనే. ఒక చిన్న ఫ్యాన్ ఆ చల్లగాలిని కిందికి తోస్తుంది. కాయిల్ మీద పట్టే మంచును రోజుకు కొన్నిసార్లు హీటర్ కరిగిస్తుంది. హీటర్ గానీ, దాన్ని నడిపే బైమెటల్ (వేడిని బట్టి పనిచేసే స్విచ్), ఫ్యూజ్, టైమర్ లేదా బోర్డు గానీ పోతే మంచు పెరిగి దారి మూసేస్తుంది, ఫ్యాన్ రెక్కలు కూడా అందులో ఇరుక్కుంటాయి. అప్పుడు ఒక చప్పుడు వస్తుంది, కార్డు ముక్క సైకిల్ చక్రానికి తగిలినట్టు 'టరటర' మని. కొన్నాళ్ళకు అదీ ఆగిపోతుంది.

తేల్చుకునే పద్ధతి మా ఇంట్లో చేసిందే. 24 గంటలు ఆపి తలుపులు తెరిచి పెట్టండి. మళ్ళీ ఆన్ చేశాక వారం, పది రోజులు చక్కగా నడిచి ఆ తర్వాత మొరాయిస్తే డీఫ్రాస్ట్ భాగాల్లోనే లోపం. ఆన్ చేసిన వెంటనే కూడా కింద చల్లబడకపోతే ఫ్యాన్ మోటరో, గాలిని వదిలే డాంపరో చూడమనండి. పైనా కిందా రెండూ చల్లబడకపోతే అప్పుడు గ్యాస్ సంగతి మాట్లాడొచ్చు.

అన్నీ బాగానే ఉండి చలి కొంచెం తక్కువగా ఉంటే డోర్ రబ్బర్ చూడండి. పది రూపాయల నోటు తలుపులో పెట్టి మూసి లాగండి. పట్టి లాగినట్టు ఉండాలి. సులువుగా జారిపోతే అక్కడ గాలి దూరుతోంది. చుట్టూ ఎనిమిది పది చోట్ల ఇలాగే చేయండి, ముఖ్యంగా కింది మూలల్లో. చాలా రబ్బర్లు పోయినవి కావు, మురికివి. పులుసు చుక్కలు, పంచదార జిగురు పట్టి అతుక్కోవు. సబ్బునీళ్ళతో పాత టూత్‌బ్రష్ పెట్టి మడతలన్నీ తోమి ఆరనివ్వండి. వంగిపోయిన చోట హెయిర్ డ్రయర్ వేడి దూరం నుంచి చూపించి చేత్తో సరిచేస్తే కొన్ని మళ్ళీ కూర్చుంటాయి. చిరిగితే మార్చడమే.

నీళ్ళు, మంచు

విశాఖ వేసవిలో ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ. గాలిలో తేమ 70 శాతం పైనే ఉండే రోజులు ఎన్నో. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ తేమంతా లోపలికి వెళ్ళి మంచుగా మారుతుంది. అందుకే హైదరాబాద్‌లో నెలకు పట్టే మంచు ఇక్కడ పదిహేను రోజులకే పట్టిందని కంగారు పడొద్దు. సింగిల్ డోర్‌లో మంచు అర సెంటీమీటరు దాటగానే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి. మందంగా పేరుకున్న మంచు దుప్పటిలా పనిచేసి చలిని బయటికి రానివ్వదు, కరెంటు బిల్లు పెరుగుతుంది.

మంచు తొందరగా పోవాలని కత్తి పెట్టొద్దు. ఈ వాక్యం ఇంకోసారి చదవండి. సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ డబ్బా గోడే కూలింగ్ కాయిల్. పల్చటి అల్యూమినియం రేకు లోపలే గ్యాస్ దారులుంటాయి. మా ఎదురింటి పిన్నిగారు చికెన్ కవరు అతుక్కుపోయిందని అట్లకాడ కొనతో పొడిచారు. 'స్‌స్‌స్' మని ప్రెషర్ కుక్కర్ వెయిట్ ఎత్తినట్టు చప్పుడు. అంతే. రేకు మీద చిల్లు గుండుసూది తలంత కూడా లేదు. ఆ ఒక్క పోటుతో పదకొండేళ్ళ ఫ్రిజ్ పాతసామాన్ల వాడికి వెళ్ళింది. గోరువెచ్చటి నీళ్ళ గిన్నె లోపల పెట్టి ఇరవై నిమిషాలు ఆగితే ఏ కవరైనా ఊడి వస్తుంది.

కూరగాయల ట్రే కింద నీళ్ళు నిలుస్తుంటే కాలువ మూసుకుంది. లోపలి వెనక గోడ కింది భాగంలో చిటికెనవేలు పట్టనంత చిన్న రంధ్రం ఉంటుంది. కరివేపాకు రెబ్బ, కొత్తిమీర ముక్క, వాటి చుట్టూ జిగురు. సూది తీసేసిన సిరంజితో గోరువెచ్చటి నీళ్ళు మెల్లగా కొట్టండి. వెనక ట్రేలోకి నీళ్ళు పడిన చప్పుడు వినిపిస్తే పని అయినట్టు.

ఆ వెనక ట్రే గురించి ఒక మాట. కంప్రెసర్ మీద ఉండే ఆ ప్లాస్టిక్ గిన్నెలో నీళ్ళు కంప్రెసర్ వేడికి ఆవిరైపోవాలి. వానాకాలంలో ఇక్కడ అంత త్వరగా ఆవిరవవు, నిలవుంటాయి. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఇల్లంతా ఓడోమస్ రాసుకుని తిరుగుతూ దోమల్ని వంటింట్లోనే పెంచుతుంటాం. ఇంటింటికీ వచ్చి శుక్రవారం డ్రైడే, నిలవ నీళ్ళు పారబోయండి అని చెప్పే వాళ్ళు ముందు పూలకుండీ, తర్వాత ఫ్రిజ్ వెనక చూసేది అందుకే. ప్లగ్ తీసి, ట్రే వంచి, కడిగి పెట్టండి. ఊడిరాని మోడలైతే స్పంజితో పీల్చి తీయండి.

బయట తలుపు మీదా, రెండు తలుపుల మధ్యా నీటి బిందువులు పడుతుంటే అది ఉక్క రోజుల్లో మామూలే, పొడిగుడ్డతో తుడవండి. ఒకే మూల ఎప్పుడూ తడిగా ఉంటే నోటు పరీక్ష చేయండి.

తాకితే జిల్లుమంటే

దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు. హ్యాండిల్ పట్టుకుంటే చురుక్కుమంటోందని చెప్పులేసుకుని తీసేవాళ్ళు ఉన్నారు. ఫ్రిజ్‌లో ఏదో తీగ బాడీకి తగులుతోంది, పైగా ఇంటి ఎర్తింగ్ పనిచేయడం లేదు. తీరం దగ్గర భూమిలో పాతిన ఎర్త్ రాడ్‌నీ, దానికి బిగించిన తీగనూ ఉప్పు తినేస్తుంది. అపార్టుమెంటు కట్టినప్పుడు వేసిన ఎర్తింగ్ ఇప్పటికీ బాగుందన్న భరోసా లేదు. మెయిన్ ఆపేసి, తడి లేని చేతులతో ప్లగ్ తీసి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ కొలిపించండి. పనిలో పనిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. లీకేజీ రాగానే అది కరెంటు కోసేస్తుంది. రెండు పిన్నుల అడాప్టర్‌లో, మిక్సీతో కలిపి ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఫ్రిజ్ పెట్టడం వద్దే వద్దు.

గ్యాస్ నిజంగానే పోతే

లోపల గానీ వెనక గానీ అంటించిన స్టిక్కర్ మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది రాసి ఉంటుంది. ఫోటో తీసి పెట్టుకోండి. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్. కొంచెం పాతవాటిలో ఆర్134ఏ. ఆర్600ఏ ఓజోన్‌ని పాడుచేయదు, వాతావరణాన్ని వేడెక్కించేదీ చాలా తక్కువే, కానీ వంటగ్యాస్ లాగే మండుతుంది. పరిమాణం సాధారణంగా వంద గ్రాముల లోపే. అయినా పని జరిగేటప్పుడు కిటికీలు తెరవాలి, స్టవ్ ఆపాలి. వంటింటి గూట్లో దీపం వెలుగుతుంటే కొండెక్కించాలి, దేవుడు ఏమీ అనుకోడు.

పని సరిగ్గా చేస్తున్నాడా లేదా అన్నది పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది. ముందు నైట్రోజన్ ఒత్తిడి పెట్టి సబ్బు నురగతో లీకు వెతకాలి. దొరికిన చోట మూయాలి. ఫిల్టర్ కొత్తది వేయాలి. వ్యాక్యూమ్ పంపు పెట్టి కనీసం అరగంట లోపలి గాలీ తేమా లాగేయాలి. ఆ తర్వాత కాటా మీద సిలిండర్ పెట్టి స్టిక్కర్‌లో ఉన్నన్ని గ్రాములే ఎక్కించాలి. కంప్రెసర్‌నే పంపుగా వాడేసి, చేత్తో గొట్టం తాకి చూసి 'సరిపోయింది' అనే పద్ధతికి డబ్బులివ్వకండి. వ్యాక్యూమ్ చేయకపోతే మిగిలిన తేమ కేపిలరీ కొనలో గడ్డకట్టి దారి మూస్తుంది. ఆపితే కరిగి బాగవుతుంది, నడిస్తే మళ్ళీ మూసుకుంటుంది. అప్పుడు మళ్ళీ అదే మనిషిని పిలుస్తారు.

మన ఊళ్ళో లీకులు ఎక్కువ కనిపించే చోట్లు రెండు. వెనక నీళ్ళ ట్రేకి దగ్గరగా వెళ్ళే గొట్టాలు ఒకటి, తలుపు చుట్టూ చెమట పట్టకుండా ఫ్రేము లోపల తిప్పే వేడి గొట్టం రెండోది. ఫ్రేము లోపలి దాన్ని విప్పి అతికించలేరు. ఆ భాగాన్ని తప్పించి బయట కొత్త గొట్టం కలుపుతారు, లేదా వెనక కొత్త కండెన్సర్ జాలీ బిగిస్తారు. చూడ్డానికి బాగుండదు గానీ సరిగ్గా చేస్తే ఏళ్ళు నడుస్తుంది. పదేళ్ళు దాటిన ఫ్రిజ్‌కి ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరితే నేనైతే చేయించను.

ఉప్పు గాలితో రోజువారీ పోరు

తుప్పు ఎప్పుడూ కింది అంచు నుంచే మొదలవుతుంది. ఇల్లు తుడిచే తడిగుడ్డ రోజూ అక్కడే తగులుతుంది, ఆ తడిని ఎవరూ తుడవరు. ప్లాస్టిక్ స్టాండ్ మీద ఎత్తిపెట్టండి. రంగు లేచిన చోట చిన్న మచ్చగా ఉన్నప్పుడే ఉప్పు కాగితంతో రుద్ది, రెడాక్సైడ్ పూసి, పైన రంగు వేయండి. రూపాయి బిళ్ళంత అయ్యే దాకా ఆగితే లోపల అరచేయంత ఉంటుంది.

ఫ్రిజ్ మీద పూల కవరు, హ్యాండిల్‌కి మెత్తటి తొడుగు, పైన నాలుగు అరల సంచి అంటే మన వాళ్ళకు ముచ్చట. ఆ గుడ్డ తేమనూ ఉప్పునూ పట్టి ఉంచి కింద రేకును తింటుంది. మా అమ్మ కవరు తీయించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. తీశాక పైన కవరు అంచు ఉన్న గీతంతా తుప్పే.

నెలకోసారి బయటంతా నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేయండి. వెనక జాలీ ఉన్న పాత మోడలైతే మూడు నెలలకోసారి ప్లగ్ తీసి బ్రష్‌తో దుమ్ము దులపండి. ఓల్డ్ టౌన్, కంచరపాలెం వైపు నల్లటి ధూళి ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగా చేయాలి. వెనక కార్డుబోర్డు తెరలు లేని చోట బల్లులు, బొద్దింకలు వెచ్చదనానికి చేరతాయి. ఒక్క బల్లి చాలు బోర్డు షార్టవడానికి. బాల్కనీలో, సముద్రం వైపు కిటికీ ఎదురుగా ఫ్రిజ్ పెట్టకండి. రెండు పక్కలా, వెనకా నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచండి.

కొత్తది కొనాలంటే

జగదాంబ, డాబా గార్డెన్స్, ద్వారకానగర్ షాపుల్లో ముందు రంగు, తలుపు మీద పువ్వులు చూపిస్తారు. మీరు ముందు తలుపు తీసి అంచులు చూడండి.

ఇద్దరుంటే, రోజూ కూరగాయలు తెచ్చుకునే అలవాటుంటే 180 నుంచి 215 లీటర్ల సింగిల్ డోర్ చాలు. నలుగురుంటే 250 నుంచి 350 లీటర్ల మధ్య డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ. ఈ ఊరి తేమకి నా ఓటు ఫ్రాస్ట్ ఫ్రీకే, ఎందుకంటే మంచు దులిపే పని, దాంతోపాటు కత్తి పెట్టే ప్రమాదం ఉండవు. ఫిషింగ్ హార్బర్ నుంచి ఆదివారం కోనాం, రొయ్యలు ఎక్కువగా తెచ్చి దాచుకునే ఇళ్ళు మొత్తం లీటర్లు కాకుండా ఫ్రీజర్ లీటర్లు అడగాలి. సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో రెండు కేజీల చేపలు పెడితే ఐస్ ట్రేకి చోటుండదు.

ఇన్వర్టర్ కంప్రెసర్ అంటే ఇంటి ఇన్వర్టర్ మీద నడిచేదని కాదు. అవసరాన్నిబట్టి వేగం మార్చుకునే కంప్రెసర్. ఆగకుండా మెల్లగా నడుస్తూనే ఉంటుంది, అది జబ్బు కాదు. కరెంటు ఆదా నిజమే, చప్పుడూ తక్కువే. కానీ దాని బోర్డు ఖరీదైనది. పదేళ్ళ వారంటీ అని పెద్ద అక్షరాల్లో ఉన్నది ఎక్కువగా కంప్రెసర్‌కే. గ్యాస్, బోర్డు, కూలీ, తుప్పు సంగతి చిన్న అక్షరాల్లో చదవండి.

స్టార్లు లెక్కపెట్టడం కన్నా బీఈఈ (స్టార్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఆ అంకె చూడండి. ప్రమాణాలు కొన్నేళ్ళకోసారి కఠినమవుతాయి, పాత 5 స్టార్ ఇవాళ్టి 5 స్టార్‌కి సమానం కాదు. లేబుల్ మీద ఏ ఏడాది దాకా చెల్లుతుందో ఉంటుంది, అదీ చూడండి. 200 యూనిట్లు, 260 యూనిట్ల మధ్య తేడా ఏడాదికి 60 యూనిట్లు. మీ శ్లాబ్ ధరతో గుణించి పదేళ్ళకు లెక్క వేస్తే ఎక్కువ ధర పెట్టాలా వద్దా మీకే తెలుస్తుంది.

స్టెబిలైజర్ అక్కర్లేదని రాసి ఉంటే ఏ వోల్టు నుంచి ఏ వోల్టు దాకా అన్నది చూడండి. మీ ఇంట్లో వేసవి రాత్రి అందరి ఏసీలూ ఆన్ అయ్యాక మల్టీమీటర్‌తో ఎంతుందో కొలవండి. ఆ హద్దుల్లో ఉంటే స్టెబిలైజర్ డబ్బు మిగిలినట్టే.

ఇంటికి తెచ్చేటప్పుడు ఆటోలో పడుకోబెడితే నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి ఆన్ చేయండి. కంప్రెసర్ నూనె వెనక్కి దిగాలి.

లోపల ఎంత చలి, ఏది ఎక్కడ

ఫ్రీజర్ కింది భాగం 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18. గ్లాసు నీళ్ళలో చిన్న థర్మామీటరు వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచి పొద్దున్నే చూడండి. తలుపు అరలు అన్నిటికన్నా వెచ్చన. పాలు అక్కడ కాదు, లోపల పెట్టాలి. సాంబారు వేడి తగ్గాక పెట్టండి గానీ మన ఉక్కలో రెండు గంటలకు మించి బయట ఉంచకండి. మూత లేని పులుసు, దోసెల పిండి తేమ వదులుతాయి, ఆ తేమే మంచు. ఎండు చేపలు మాత్రం గాజు సీసాలో, గట్టి మూతతో. లేదంటే మర్నాడు పెరుగన్నంలో ఎండు నెత్తళ్ళ వాసన వస్తుంది.

తుఫాను వస్తోందంటే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకినప్పుడు ఈ ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు నేర్చుకున్నదే ఇప్పటికీ చేస్తున్నాం. హెచ్చరిక రాగానే నాబ్ పెంచి, ఫ్రీజర్‌లో ఖాళీ ఉన్న చోటల్లా నీళ్ళ సీసాలు ముప్పావు నింపి పెడతాం. కరెంటు పోగానే ప్లగ్ తీసేస్తాం. వచ్చేటప్పుడు వోల్టేజి పైకీ కిందికీ ఊగుతుంది, లైట్లు నిలకడగా వెలిగాక అయిదు నిమిషాలు ఆగి పెడతాం. ఫిర్యాదుకి 1912.

తలుపు తీయకుండా ఉంటే కింది భాగంలో చలి నాలుగు గంటలు ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండితే 24. ఒక చిన్న కిటుకు ఉంది. గ్లాసు నీళ్ళు గడ్డకట్టించి, మంచు మీద రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. కరెంటు వచ్చాక బిళ్ళ పైనే ఉంటే చేపలు బాగున్నట్టు. అడుగుకి దిగిపోయి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట, చేపలూ మాంసం పారేయండి. నీళ్ళు గదిలోకి వచ్చి కంప్రెసర్ మునిగితే ఆరిందనిపించినా ప్లగ్ పెట్టకండి, ముందు మెకానిక్ చూడాలి.

సంక్రాంతికి పది పన్నెండు రోజులు ఊరెళ్తుంటే ఖాళీ చేసి, ప్లగ్ తీసి, లోపలంతా వంటసోడా నీళ్ళతో తుడిచి పూర్తిగా ఆరనిచ్చి, మడిచిన తువ్వాలు అడ్డం పెట్టి తలుపు కొంచెం తెరిచి ఉంచండి. మూసి వెళ్తే తిరిగొచ్చేసరికి అరల మీద నల్లబూజు, రబ్బరు మడతల్లో వాసన. తాళం వేసే ముందు వెనక ట్రే కూడా ఒకసారి వంచండి.